షట్టర్ దించని మెస్సు

మా ఊళ్ళో ఎవరు చనిపోయినా బెంగుళూరులో మా మెస్సుకు తాళం పడేది. నవ్వులాటకు చెప్పడం లేదు. కదిరి అవతల పల్లెలో ఒక ముసలాయన తెల్లవారుజామున కన్ను మూస్తే, ఆ మధ్యాహ్నం హోసూరు రోడ్డు మీద షిఫ్టు దిగిన ఫ్యాక్టరీ పనివాళ్ళు మా షట్టర్ ముందు నిలబడి, తాళం చూసి, నన్ను తిట్టుకుంటూ వెళ్ళిపోయేవారు. ఆ ముసలాయన వాళ్ళకు ఏమీ కాడు. నిజం చెప్పాలంటే నాకూ పెద్దగా ఏమీ కాడు. కానీ మా వంటింట్లో ఉన్న ప్రతి ఒక్కరికీ ఏదో ఒక వరస అయ్యేవాడు.

ఆ మెస్సు ఎవరూ అనుకుని పెట్టింది కాదు. తొంభైల మొదట్లో మా ఆయనకు ఎలక్ట్రానిక్ సిటీలో ఫిట్టరు పని దొరికింది. ఆయనతో పనిచేసే మన వైపు పిల్లకాయలు కొందరు హోటల్ తిండి పడక కడుపు పట్టుకుని తిరుగుతుంటే, జాలిపడి ఇంటికి పిలిచి అన్నం పెట్టాను. జాలి అన్నది ఎంత ఖరీదైన వస్తువో అప్పుడు తెలియదు. చూస్తుండగానే క్యారియర్లు కట్టడం మొదలైంది. ఇల్లు చాలక, హోసూరు రోడ్డు పక్కన ఒక షెడ్డు బాడుగకు తీసుకున్నాం. మా అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ, నాకు సాయానికని వచ్చి ఇక్కడే ఉండిపోయింది. ఆమె చిన్న వయసులోనే మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి. పిల్లలు లేరు. ఊళ్ళో ఆమె కోసం ఎదురుచూసేవాళ్ళు లేరు. పొయ్యి ఆమె చూసుకునేది, మిగిలిందంతా నేను.

పని పెరిగాక మనుషులు కావాల్సి వచ్చింది. మనుషులంటే ఎక్కడ వెతుకుతాం? ఊరికి కబురు పెట్టాం. చిన్నమ్మ తోడికోడలి కొడుకులు ఇద్దరు వచ్చారు. వాళ్ళ భార్యలు కూరగాయలు తరగడానికి వచ్చారు. మా ఆయన పెదనాన్న మనవడు వడ్డించడానికి వచ్చాడు. వాడి బావమరిది గిన్నెలు తోమడానికి వచ్చాడు. మనవాళ్ళయితే నమ్మకం, గల్లా మీద చెయ్యి వేయరు, మాట పడతారు అని అందరూ అన్నారు, నేనూ అన్నాను. బెంగుళూరులో అప్పుడు మనవాళ్ళందరిదీ అదే పద్ధతి. కడప నుంచి వచ్చిన మేస్త్రీ ముఠాలో అందరూ ఒకే వీధివాళ్ళు ఉండేవారు. ఊళ్ళో జాతర వస్తే బిల్డింగు పిల్లర్ల దగ్గరే ఆగిపోయేది, వాళ్ళు వచ్చాక మళ్ళీ లేచేది. బిల్డింగుకు ఆకలి వేయదు కాబట్టి సరిపోయేది.

మొదటిసారి దెబ్బ తగిలిన రోజు నాకు బాగా గుర్తుంది. బియ్యం కడిగి ఎసట్లో పోశాం, పప్పు సగం ఉడికింది, గోంగూర తాలింపుకు ఎండుమిరపకాయలు తుంచుతున్నాం. పక్కనున్న ఎస్టీడీ బూత్ అబ్బాయి వచ్చి ఊరి నుంచి ఫోను వచ్చిందని చెప్పాడు. ఒక పెద్దాయన పోయాడు. చిన్నమ్మ గంటె పక్కన పెట్టేసింది. ఆమెను చూసి అందరూ చేతులు కడుక్కున్నారు. మైల వచ్చినవాళ్ళు పదిమందికి పెట్టే అన్నం ముట్టకూడదన్నది చిన్నమ్మ పట్టుదల. వెళ్ళేవాళ్ళు వెళ్ళడం ఒక ఎత్తు, తిరిగి వచ్చాక కూడా దినాలయ్యే దాకా పొయ్యి దగ్గరికి రాకపోవడం ఇంకో ఎత్తు. కాసేపటికి షెడ్డులో నేను, ఉడుకుతున్న పెద్ద గుండిగ మిగిలాం. ఆ పప్పు నేను ఎవరికి పెట్టను? అన్నం వార్చేవాళ్ళే లేరు.

షెడ్డు యజమాని తరతరాలుగా బెంగుళూరులోనే ఉంటున్న తెలుగువాడు, పెద్దమనిషి. సాయంత్రం వాకిట్లో నిలబడి తాళం వైపు చూశాడు. "ఏమ్మా, బీగం ఏసుకోనుండావు. ఇట్లయితే గిరాకీ ఎట్ల నిలుస్తాదమ్మా?" అన్నాడు. నిలవలేదు. దినాలు ముగిసి మేం తెరిచేసరికి, సగంమంది రోడ్డుకు అవతల పక్కనున్న కేరళ హోటల్లో పరోటాకు అలవాటుపడిపోయి ఉన్నారు. వాళ్ళను ఒక్కొక్కరినే వెనక్కి తెచ్చుకోవడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

చావులైతే సరే, ఏమీ అనలేం. పెళ్ళిళ్ళు, పుట్టువెంట్రుకలు, గంగమ్మ జాతర, కొత్త బోరులో నీళ్ళు పడ్డాయని చేసే విందు కూడా మా వంటింటిని ఖాళీ చేసేవి. వచ్చే మాఘంలో ఎన్ని ముహూర్తాలున్నాయో చూసి, నేను ముందే దిగులు పెట్టుకునేదాన్ని. పంచాంగాన్ని అంత భయంతో చూసిన మనిషి ఇంకొకరు ఉండరు.

పోనీ అందరూ ఉన్న రోజైనా హాయిగా ఉంటుందా అంటే అదీ లేదు. ప్రతిదానికీ అక్కా. గ్యాసు అయిపోయింది అక్కా, పెరుగు పులిసింది అక్కా, ఫలానావాడు ఇంకోముద్ద పప్పు అడుగుతున్నాడు వేయాలా అక్కా. ఏ గుండిగ దించినా ముందు నేను రుచి చూడాలి. నీ పేరు మీద పోయే అన్నం నువ్వే చూడల్ల అని చిన్నమ్మ పెట్టిన ఆచారం అది. గంటెతో ఒక చుక్క తెచ్చి నా అరచేతిలో వేసేవారు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నా అరచేయి చారుతో, సాంబారుతో, పులుసుతో జిడ్డోడుతూ ఉండేది. కదిరికి బస్సులో వెళ్తున్నా వదిలేవారు కాదు. సెల్‌ఫోన్లు వచ్చాక మరీ ఘోరం. చిత్రావతి ఏరు దాటకముందే ఫోను మోగేది, రసంలో పులుపు ఎక్కువైంది, ఏం చేయమంటావు అని. బస్సులో కూర్చుని రసం పులుపు నేనెట్లా తగ్గిస్తాను? అరిచేదాన్ని. పక్కసీటు వాళ్ళు నాకు పిచ్చి పట్టిందనుకునేవారు.

రెండువేల సంవత్సరం దాటాక హోసూరు రోడ్డు ముఖమే మారిపోయింది. అద్దాల బిల్డింగులు లేచాయి. వాటిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి, రోజూ మధ్యాహ్నం భోజనం పంపగలరా అని అడిగారు. మాట్లాడటానికి వచ్చిన మేనేజరు గుంటూరు వైపు కుర్రాడు. మా అన్నం తిని, ఆవకాయ రెండోసారి అడిగి వేయించుకుని, చేయి కడుక్కున్నాక అసలు సంగతి ఎత్తాడు. "ఫుడ్ సూపర్ మేడమ్. కానీ ఒక్క రోజు మిస్సయినా అగ్రిమెంట్ క్యాన్సిల్. మీకు ఫీవర్ వచ్చిందనుకోండి, ఎవరు పంపిస్తారు? మీకు బ్యాకప్ ఎవరు?"

నేను వంటింటి వైపు చూశాను. చిన్నమ్మ, ఆమె చుట్టూ మా బంధుబలగం. వీళ్ళంతా ఉన్నారు కదా అన్నాను. ఆ మాట నోట్లోంచి వస్తుండగానే, ఈ వీళ్ళంతా ఒకే ఫోన్‌కాల్‌కు లేచిపోయేవాళ్ళని నాకు తెలుసు. అతనికి తెలియదు. అగ్రిమెంట్ మీద సంతకం పెట్టాను.

అనుకున్నంతా అయింది. ఇంకా ఆ కంపెనీకి మా రుచి అలవాటు పడుతుండగానే, చిన్నమ్మ మరిది పోయాడు. మళ్ళీ అందరూ చేతులు కడుక్కున్నారు. బతిమాలాను. ఇద్దరైనా ఉండండి, కనీసం అన్నం వార్చేవాడైనా ఉండండి అన్నాను. చిన్నమ్మ నా వైపు చూడనైనా చూడలేదు, మూట కట్టుకుంది. ఆ దినాలన్నీ నేను, మా ఆయన, పక్కవీధి నుంచి కూలికి పిలిచిన ఇద్దరు ఆడవాళ్ళు కలిసి వండి పంపాం. అన్నం ఒకరోజు ముద్దయింది, ఒకరోజు పలుకైంది. మా ఆయన సెలవులన్నీ అయిపోయాయి. కంపెనీ నుంచి ఒక ఘాటైన ఫిర్యాదు వచ్చింది, కానీ అగ్రిమెంట్ రద్దు కాలేదు. ఇంకోసారి ఇట్లా జరిగితే మాత్రం ఊరుకునేది లేదన్నారు. నా చేతులు బొబ్బలెక్కాయి. ఒళ్ళంతా కోపంతో నిండిపోయింది. నేను కట్టిన మెస్సు నా రెండు చేతుల మీద తప్ప ఇంక దేని మీదా నిలబడటం లేదని అప్పుడు అర్థమైంది.

వాళ్ళు తిరిగి వచ్చిన రోజు అందరినీ కూర్చోబెట్టి చెప్పేశాను. ఇకనుంచి ఎవరింట్లో మంచి జరిగినా చెడ్డ జరిగినా, మెస్సు తరఫున ఒక్కరు వెళ్తే చాలు. ఆ ఒక్కరికి బస్సు ఖర్చు, చీరో పంచో, పూలదండ, అన్నీ మెస్సే పెట్టుకుంటుంది. మిగిలినవాళ్ళు పొయ్యి దగ్గర ఉండాల్సిందే. మైలలూ గియిలలూ ఇంటి దగ్గర చూసుకోండి. షట్టర్ మాత్రం దించేది లేదు.

ముందు అందుకున్నది చిన్నమ్మే. "సావుకు ఒక్కర్ని పంపిచ్చేదేందే? నువ్వు మనిషివేనా?"

"ఇంతమందికి నేనొక్కదాన్నే వండితే మాత్రం ఎవురికీ ఏమీ అనిపిచ్చలేదు" అన్నాను.

"అన్నం ఆలస్యమైతే ఇంగోచోట తింటారు. సావుకు పోకపోతే మల్లా పోయేకి ఉండదు" అంది ఆమె. అని లేచి వెళ్ళి పొయ్యి వెలిగించింది. ఆ రోజు పప్పులో కారం మండిపోయింది. కావాలనే వేసిందని ఇప్పటికీ నా నమ్మకం.

నిబంధన పెట్టగానే సరిపోలేదు. మా వాళ్ళకు అది అవమానమైంది. చిన్నమ్మ తోడికోడలి కొడుకులు పెళ్ళాలను తీసుకుని సర్జాపుర దగ్గర ఎవరో కట్టే అపార్టుమెంట్లలో పనికి పోయారు. మిగిలినవాళ్ళూ ఒక్కొక్కరే జారుకున్నారు. ఊళ్ళో ఒక పెళ్ళికి వెళ్తే, బంతిలో నా పక్కన కూర్చోవడానికి ఎవరూ రాలేదు. చావుకు సెలవివ్వని మహాతల్లి అని పేరు పెట్టారట. పెట్టుకోనీ అనుకున్నాను గానీ, తిన్న అన్నం సహించలేదు.

ఈసారి మనుషులను తీసుకునేటప్పుడు నేను ఒకే లెక్క చూసుకున్నాను. ఒకరి ఇంట్లో చావు ఇంకొకరికి తగలకూడదు. పాలమూరు నుంచి కాంక్రీటు పనికి వచ్చి, ఎండకు తట్టుకోలేక మానేసిన ఒకాయనను వంటకు పెట్టాను. కర్నూలు సాయిబుల ఆవిడ చపాతీలకు, బిర్యానీకి వచ్చింది. ఒంగోలు వైపు నుంచి చర్చికి వెళ్ళే మొగుడూ పెళ్ళాలు వడ్డనకు, క్యారియర్లకు కుదిరారు. గిన్నెలకు కృష్ణగిరి మనిషి. ఒకరి పండగ ఇంకొకరిది కాదు, ఒకరి జాతర ఇంకొకరిది కాదు. ఇంతకన్నా తెలివైన ఏర్పాటు బెంగుళూరులో ఎవరూ చేసి ఉండరని మురిసిపోయాను.

చిన్నమ్మ మాత్రం ఎక్కడికీ పోలేదు. పోవడానికి ఆమెకు ఎవరున్నారు? రోజూ నన్ను సాధిస్తూనే, ఆ కొత్తవాళ్ళకు వంట నేర్పింది. నేర్పడమంటే ఏమిటి, తిట్టడమే. ఎంత ఉప్పు అని పాలమూరాయన అడిగితే, చాలినంత అనేది. ఎప్పుడు దించాలి అంటే, వాసన వచ్చినప్పుడు అనేది. ఇట్లయితే ఆమె తరువాత ఎవరికీ ఏదీ రాదని నేను స్టీలు గ్లాసులు కొనుక్కొచ్చి, ఆమె పిడికెడు వేసేలోపు చెయ్యి పట్టుకుని ఆపి, గ్లాసులో పోయించి చూసేదాన్ని. ఆమెకు మంట. "గ్లాసుకు నాలిక ఉండాదా?" అనేది. లేదు కాబట్టే ఊరికి పోదు చిన్నమ్మా అనేదాన్ని. పాలమూరాయన నవ్వు ఆపుకుంటూ అటు తిరిగేవాడు.

అరచేతిలో చుక్క వేయడం మాన్పించడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. చేయి చాపడం మానేశాను. గంటె పట్టుకుని వచ్చినవాడు వచ్చినట్టే నిలబడేవాడు. మీ నోరేమైంది, మీరే చూసుకోండి అనేదాన్ని. మొదట్లో గుండిగ దించకుండా నా కోసం కాచుకునేవారు. ఒకసారి నాకు టైఫాయిడ్ వచ్చి ఇంట్లో పడి ఉంటే, సాంబారు టంబ్లర్లో పోసుకుని హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా ఇంటి దాకా తెచ్చారు, రుచి చూడమని. నాలుక చేదెక్కి ఉన్న మనిషిని. ఆ టంబ్లర్ నేను ఎత్తి విసిరేశానని మా ఆయన చుట్టాలందరికీ చెబుతాడు. విసిరేయలేదు, గట్టిగా కింద పెట్టాను, అంతే. తరువాత ఎవరూ ఏదీ తీసుకురాలేదు. ఫోన్లు కూడా తగ్గాయి. ఫోను మోగకపోతే ఇంకో రకం చిరాకు. అక్కడ ఏం ముంచుతున్నారో అని నేనే చేసి అడిగేదాన్ని. అంతా బాగుందక్కా అని పెట్టేసేవారు. బాగుంటే బాగుందని నాలుగు మాటలు చెప్పవచ్చు కదా.

నిబంధన మాత్రం గట్టిగా నిలిచింది. కర్నూలు ఆవిడ అన్న పోతే మెస్సు తరఫున ఒంగోలాయన ఒక్కడే దండ తీసుకుని వెళ్ళి వచ్చాడు. కృష్ణగిరి మనిషి కూతురి పెళ్ళికి పాలమూరాయన ఒక్కడే వెళ్ళాడు. వీళ్ళెవరూ ముఖం మాడ్చుకోలేదు, ఇదీ పద్ధతి కాబోలు అనుకున్నారు. కంపెనీ అగ్రిమెంట్ ఏటేటా పొడిగించింది. ఇంకో కంపెనీ కూడా వచ్చింది. మా ఆయన ఫ్యాక్టరీ మానేసి వ్యాన్ కొన్నాడు.

చిన్నమ్మకు మోకాళ్ళు పట్టేశాక పొయ్యి దగ్గర నిలబడటం మానింది. మా ఇంట్లోనే ఉండేది గానీ, పొద్దున్నే వ్యాన్ ఎక్కి మెస్సుకు వచ్చేసేది. వాకిలి పక్కన ముక్కాలిపీట వేసుకుని గోంగూర ఆకు గిల్లుతూ, లోపలివాళ్ళను తిడుతూ, వచ్చినవాళ్ళందరినీ ఏమప్పా బాగుండావా అని పలకరిస్తూ కూర్చునేది. కర్నూలు ఆవిడ ఆమెకు తల దువ్వేది. ఒంగోలు వాళ్ళ పసిబిడ్డ ఆమె ఒళ్ళోనే పెరిగాడు. ఈ మెస్సు ఉన్నన్నాళ్ళూ ఆమెకు మనుషుల కరువు లేదని నాకు ఒక ధీమా.

ఒకరోజు పొద్దున ఆమె మంచం మీద నుంచి లేవలేదు. ఆస్పత్రికి తీసుకెళ్ళాం. వాళ్ళు చేయగలిగింది చేశారు. తొమ్మిది కొట్టకముందే ప్రాణం పోయింది. నేను మెస్సుకు ఫోను చేశాను. పాలమూరాయన ఎత్తాడు. సంగతి చెప్పాను. మీరు మెస్సు గురించి రంది పెట్టుకోకుండ్రి అన్నాడు. ఎక్కడికి తీసుకెళ్తున్నామో, ఎన్నింటికో చెప్పాను. సరేనక్కా అన్నాడు.

ఊరి నుంచి ఎవరైనా వస్తారేమోనని అక్కడికీ ఫోను చేయించాను. చూద్దాం అన్నారట. వాళ్ళు ఎందుకు వస్తారు? వాళ్ళ ఇంటి చావులకు ఒక్కరు పోతే చాలన్న నా మాట వాళ్ళు మరిచిపోతారా?

కరెంటు చితాగారంలో మాకు మధ్యాహ్నం వేళ ఇచ్చారు. నేను, మా ఆయన, షెడ్డు యజమాని, ఆయన కొడుకు, మా ఇంటి పైవాటాలో ఉండే ఇద్దరు. అంతే. అక్కడి మనిషి ఇంకెవరైనా రావాలా అని అడిగాడు. వస్తారు, కాసేపు ఆగు అన్నాను. గేటు వైపు చూస్తూ నిలబడ్డాను. ఆటో శబ్దం వినిపించినప్పుడల్లా వాళ్ళే అనుకున్నాను. కర్నూలు ఆవిడ గట్టిగా ఏడుస్తుంది, ఆమెను పట్టుకోవాలి అని కూడా అనుకున్నాను. మా వెనక వచ్చినవాళ్ళు తమ వంతు కోసం విసుక్కుంటున్నారు. ఆ మనిషి రెండోసారి అడిగాడు. మూడోసారి అడగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు వ్యాన్ హోసూరు రోడ్డు మీదుగానే రావాలి. మెస్సు ఎదురుగా ఆపమన్నాను. షట్టర్ పైకి ఉంది. లోపల బల్లలన్నీ నిండి ఉన్నాయి. వాకిట్లో మనుషులు టోకెన్లు పట్టుకుని నిలబడ్డారు. అంత్యక్రియల నుంచి వచ్చి, స్నానం చేయకుండా వంటిల్లున్న చోట కాలు పెట్టకూడదు. అందుకని నా మెస్సుకు ఎదురుగా రోడ్డు పక్కన నిలబడ్డాను. నన్ను చూసి పాలమూరాయన గబగబా రోడ్డు దాటి వచ్చాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఏడ్చినట్టే ఉన్నాడు. క్యారియర్లన్నీ టైముకు పోయాయని, ఎక్కడా మాట రాలేదని చెప్పాడు.

"మీరెవురూ రాలేదేమప్పా?" అని అడిగాను.

అతనికి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు, నటన కాదు. "మీరు పోయిండ్రు గదక్కా" అన్నాడు. "మెస్సు దిక్కెల్లి ఒక్కరు పోతే చాలని మీరే చెప్పిండ్రు. కర్నూలామె అయితే పోతనని ఏడ్సింది. అక్క ఉన్నది గద, ఇంగెవ్వరు అవసరం లేదని నేనే ఆపిన."

తిట్టాలంటే అతను చేసిన తప్పేమిటి? నేను చెప్పింది చెప్పినట్టు చేశాడు. ఎంత బాగా చేశాడంటే, నన్ను కూడా వాళ్ళలో ఒకదానిగా లెక్కగట్టి, వంతుకు పంపించేశాడు. నా ముఖం చూసి, అలసిపోయానని జాలిపడ్డాడు.

"ఇంటికి పోయి పండుకోండక్కా. రేపు మీరు రాకున్నా ఏం ఫరక్ వడదు, మేం జూస్కుంటం" అన్నాడు.

ఆ ఒక్క మాట వాళ్ళలో ఎవరి నోటి నుంచైనా వినాలని నేను ఎన్నేళ్ళు తన్నుకులాడానో ఆ దేవుడికి తెలుసు. సరే అని వ్యాన్ ఎక్కాను. ఇంటిదాకా మా ఆయన మీద అరుస్తూనే ఉన్నాను, బండి నెమ్మదిగా పోనిస్తున్నాడని, దారి తప్పుగా తీసుకున్నాడని. ఆయన బండి అదే వేగంతో పోనిచ్చాడు. గుమ్మం బయట నా తల మీద నీళ్ళు పోస్తూ, ఇంక అరిచింది చాల్లే, ఏడువు అన్నాడు.